తలపుల పంట, తలపుల పటము

పాఠశాలలో ప్రాజెక్టు పని అనగానే పెక్కుమంది విద్యార్థులు మొదట వెదకునది అట్ట. తెల్లని అట్టయొకటి, రంగుల పెన్సిళ్ళు, జిగురు, దుకాణమున దొరకు బొమ్మల కాగితములు సమకూరినచో పని సగము ముగిసినట్లే వారు భావింతురు. ఏ విషయమును గూర్చి, ఎందులకు, ఏమి తెలిసికొనుటకు అను ప్రశ్నలు అట్ట నిండిన తరువాతగాని వారికి తోచవు. కొందరికి అప్పుడును తోచవు. ఇట్టి పనివలన చేతివ్రాత కొంత కుదురునేమో కాని, క్రొత్తగా తెలియునది ఏమియు నుండదు.

పిల్లలు ఒక పనిని తామే తలపెట్టి, తామే పథకము వేసికొని, తామే నెరవేర్చి, దాని మంచిచెడ్డలను తామే విమర్శించుకొనవలెనని అమెరికా దేశపు విద్యావేత్త విలియం కిల్పాట్రిక్ 1918లో ప్రకటించిన యొక వ్యాసమున ప్రతిపాదించెను. ఆ వ్యాసము పేరు 'ది ప్రాజెక్ట్ మెథడ్'. 'ప్రాజెక్టు' అను మాటకు బడులలో ప్రచారము తెచ్చినవారిలో ఆయన ముఖ్యుడు. ఆయన చెప్పిన నాలుగు మెట్లలో చివరి రెండును మన బడులలో ఎట్లో యొకట్లు జరుగుచునే యున్నవి. తలపెట్టుట, పథకము వేయుట అను మొదటి రెండు మెట్లు మాత్రము తరచుగా ఉపాధ్యాయుని నెత్తిమీదనే పడుచున్నవి. ఆ రెంటిని విద్యార్థులు తామే చేసికొనుటకు తోడ్పడు ఉపాయములు రెండు కలవు. ఒకటి మేధోమథనము, రెండవది భావపటము.

మేధోమథనమను పద్ధతిని లోకమునకు తెలిపినవాడు అలెక్స్ ఆస్బర్న్. ఆయన ఉపాధ్యాయుడు కాడు. అమెరికాలో వాణిజ్య ప్రకటనలు తయారుచేయు ఒక పెద్ద సంస్థను నడిపినవారిలో ఒకడు. 1939 ప్రాంతమున తన సంస్థలోని ఉద్యోగులను కూర్చుండబెట్టి ఈ విధమైన సమావేశములు ఆరంభించెను. 1953లో 'అప్లైడ్ ఇమాజినేషన్' అను గ్రంథమున వాటి నియమములను విపులముగా వివరించెను. నియమములు నాలుగే. తలపులు చెప్పుచున్నంతసేపు ఎవరును ఎవరి తలపును తప్పుపట్టరాదు. ఎంత వింతగా తోచినను చెప్పవచ్చును. ఎన్ని ఎక్కువ వచ్చిన అంత మేలు. ఇతరులు చెప్పినదానికి మరికొంత చేర్చి, లేదా రెంటిని కలిపి, మూడవదానిని పుట్టింపవచ్చును.

ఈ నాలుగింటిలో మొదటిదే ప్రాణము. దానిని పాటించుట మనకు మిక్కిలి కష్టము. ఒకడు నోరు తెరవగానే "అది కుదరదు" అనుట మనకు తెలివికి గుర్తుగా తోచును. కాని రైతును చూడుడు. కోతనాడు అతడు కోయును, కట్టలు కట్టి కళ్ళమునకు చేర్చును, నూర్చును. ఆ తరువాతనే గాలివాటము చూచుకొని తూర్పారబట్టును. కోయుచునే పొల్లును గింజను వేరుచేయ బూనువాడు సాయంకాలమునకు ఒక మడియైనను కోయలేడు. తలపులు పుట్టించుట కోత. వానిలో మేలైనవానిని ఏరుట తూర్పారబట్టుట. రెండును కావలసినవే. ఒకే గడియలో రెండును చేయబోయినపుడే చిక్కు. పాలసముద్రమును చిలికినపుడు మొదట వచ్చినది హాలాహలమే గదా! అంతటితో కవ్వము విడిచిపెట్టినచో అమృతము మాట ఉండెడిదికాదు.

అయితే ఆస్బర్న్ చెప్పినదంతయు పరీక్షకు నిలువలేదు. పదిమంది కలిసి కూర్చున్నచో ఒంటరిగా ఆలోచించుటకంటె ఎక్కువ తలపులు పుట్టునని ఆయన నమ్మెను. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున దీనిని పరీక్షించి, ఆ ఫలితమును 1958లో ప్రకటించిరి. నలుగురేసి కలిసి కూర్చున్న జట్లకంటె, ఎవరికి వారు విడివిడిగా ఆలోచించిన నలుగురి తలపులను తరువాత ఒకచోట చేర్చినపుడే లెక్కకు ఎక్కువ తలపులు వచ్చినవి. కారణము ఊహించుట కష్టము కాదు. ఒకరు మాటలాడుచుండగా తక్కినవారు తమ వంతుకై కనిపెట్టుకొని యుండవలెను. ఆ లోపల తమకు తోచినది జారిపోవును. మొదటివాడు పక్షులను గూర్చి చెప్పినచో అందరి మనస్సులును పక్షులవెంటనే ఎగురును. తప్పుపట్టువారు లేకున్నను, ఎవరేమనుకొందురో అను జంకు కొందరిని విడువదు. కావున నేడు తెలిసినవారు రెంటిని కలిపి ఆచరించుచున్నారు: మొదట ఎవరికి వారు మౌనముగా వ్రాసికొనుట, పిదప అందరును కలిసి వానిని పెంచుట.

ఇది మన పరిసరములలో ఎట్లు నడుచునో చూచుటకు రాయలసీమలోని యొక పల్లెబడిని మనస్సున ఊహించుకొందము. ఎనిమిదవ తరగతి, పండ్రెండుగురు విద్యార్థుల జట్టు, 'మన ఊరి చెరువు' అను విషయము. ఉపాధ్యాయుడు పలకపై ఆ మూడు మాటలు మాత్రము వ్రాసి, పది నిమిషములు ఎవరును మాటలాడవలదని చెప్పెను. ప్రతివారును తమ కాగితముపై తోచినదెల్ల వ్రాసిరి. పిదప వరుసగా ఒక్కొక్కరు ఒక్కొక్కటి చొప్పున చదువగా, ఒక బాలిక నల్లబల్లపై అన్నిటిని వ్రాయుచుండెను. చదివినవాడు మరల తన వంతు వచ్చువరకు ఆగవలెను. అందుచేత గడుసువాడు ఒక్కడే పది చెప్పి కూర్చుండుట, జంకువాడు ఒక్కటియు చెప్పకుండుట అను రెండు దోషములును తప్పినవి.

చెరువును త్రవ్వించినది ఎవరు? చలికాలమున వచ్చు కొంగలు ఎన్ని రకములు? చేపల వేలము సొమ్ము ఎవరికి చెందును? గట్టుమీది గంగమ్మగుడి కథ యేమి? అలుగు పారి ఎన్నేండ్లయినది? గట్టుపై మొలచిన తుమ్మచెట్లు మేలా, కీడా? పూడికమట్టిని పొలములకు తోలినచో ఎరువుగా పనికివచ్చునా? ఇట్లు ముప్పదికి మించి వచ్చినవి.

నడుమ ఒక బాలుడు, "పూర్వము మన చెరువులో ఏనుగు మునిగినదని మా తాత చెప్పును" అనెను. ఒకరిద్దరు నవ్విరి. వ్రాయుచున్న బాలిక మాత్రము నవ్వక 'ఏనుగు' అని వ్రాసెను. వెంటనే తరువాతి వంతు బాలుడు తాను వ్రాసికొన్నదానిని చదువుట మాని, "ఏనుగు మునుగునంత లోతు అప్పుడుండినచో, ఇప్పుడు ఎంత లోతు ఉన్నది? ఆ తేడా ఎక్కడికి పోయినది?" అని అడిగెను. పూడికను కొలుచుటయను ఆలోచన ఇట్లు పుట్టినది. ఏనుగు కథ నిజమో కాదో ఎవరికి తెలియును? దానిని మొదటనే కొట్టివేసినచో రెండవ ప్రశ్న పుట్టెడిది కాదు.

చివరకు ఒక బాలిక వంతు వచ్చినది. ఆమె తన కాగితమున ఒక్క వాక్యమే వ్రాసికొన్నది. "మా పొలమునకు నీరు రాదు" అని మెల్లగా చదివెను. వారి పొలము కాలువ చివర నున్నది. "అది ప్రాజెక్టు కాదు గదా, అయ్యా!" అని ముందువరుసలోని బాలుడు అనబోయి, నియమము జ్ఞప్తికి వచ్చి ఆగెను. ఆ వాక్యము కూడ నల్లబల్ల నెక్కినది.

ఇక రెండవ ఉపాయము. ముప్పది తలపులు ఒకదానిక్రింద ఒకటి వరుసగా నున్నపుడు వానికి పరస్పర సంబంధము కంటికి కనబడదు. మొదటిది గొప్పదని, చివరిది చిన్నదని భ్రమ కలుగును. ఈ వరుసను విప్పి కొమ్మలుగా పరచుటయే భావపటము. ఇంగ్లండు దేశస్థుడు టోనీ బుజాన్ దీనికి 'మైండ్ మ్యాప్' అను పేరుతో ప్రచారము తెచ్చెను. 1974లో బి.బి.సి. దూరదర్శన ప్రసారములద్వారా, 'యూజ్ యువర్ హెడ్' అను పుస్తకముద్వారా ఇది ఎల్లెడల వ్యాపించినది. అయినను ఆలోచనను కొమ్మలుగా గీయుట అంతకుముందు లేనిది కాదు. 1837లో చార్లెస్ డార్విన్ తన నోటుపుస్తకమున జీవజాతులు ఒకదానినుండి ఒకటి చీలు తీరును ఒక చిన్న చెట్టుగా గీసికొనెను. గ్రంథము వెలువడుటకు ఇరువదిరెండేండ్లు ముందే ఆ భావము ఆయన కాగితముపై కొమ్మలు వేసినది.

గీయు విధానము సులభము. పెద్ద కాగితమును అడ్డముగా పరచి, నడుమ విషయమును వ్రాసి చుట్టు గీత గీయవలెను. దానినుండి నాలుగైదు లావైన కొమ్మలు. వానినుండి సన్నని రెమ్మలు. ఒక్కొక్క రెమ్మపై ఒకటి రెండు మాటలు చాలును. వాక్యములు వ్రాసినచో చోటు చాలదు, చూపు నిలువదు. రంగులు, బొమ్మలు తప్పక ఉండవలెనని బుజాన్ పట్టుపట్టెను. నా అభిప్రాయమున రంగులు లేకున్నను పటమునకు లోటులేదు. రంగులు వేయుటలో గంట గడచి, ఆలోచన అడుగంటుట నేను పెక్కుచోట్ల చూచితిని. కాని ఒక పనిని మాత్రము మరువరాదు. వేరు వేరు కొమ్మలపైనున్న రెండు మాటలకు సంబంధము తోచినపుడు, వానిని కలుపుచు అడ్డగీత గీయవలెను. ఈ అడ్డగీతలే పటమునకు ప్రయోజనము. అవి లేనిచో అది చెట్టు బొమ్మయే కాని ఆలోచన కాదు.

మన పల్లెబడి జట్టు 'చెరువు' అని నడుమ వ్రాసి, నీరు, మట్టి, పంట, జీవములు, మనుషులు అని అయిదు కొమ్మలు గీసిరి. కొంగలు, చేపలు, కప్పలు జీవముల కొమ్మపై గుంపులుగా చేరినవి. పూడిక, గట్టు, తుమ్మచెట్లు మట్టి కొమ్మపై నిలిచినవి. తూము, కాలువ, అలుగు నీటి కొమ్మకు వచ్చినవి. నీరుగంటి మనుషుల కొమ్మపై చేరెను. ఆ బాలిక వాక్యమును 'చివరి పొలము' అని కుదించి పంట కొమ్మపై ఒక చిన్న రెమ్మగా వ్రాసిరి.

అప్పుడు ఉపాధ్యాయుడు, "ఏ మాటకు ఏ మాట కారణమో చూచి అడ్డగీతలు గీయుడు" అనెను. పూడిక పెరిగినచో నీరు తక్కువ నిలుచును. అందుచేత చివరి పొలము ఎండును: ఒక గీత. తూము పగిలినచో నీరు వృథాయగును: రెండవ గీత. కాలువలో తుమ్మ మొలచినచో నీరు ముందుకు సాగదు: మూడవది. ఎగువ రైతు వరి పెట్టినచో దిగువకు మిగులదు: నాలుగవది. నీరుగంటి లేకున్నచో వంతులు తప్పును: అయిదవది. అయిదు గీతలును ఆ చిన్న రెమ్మకే చేరినవి. జీవముల కొమ్మపై తొమ్మిది రెమ్మలున్నను, వానినుండి బయటికి ఒక్క గీతయే పోయినది.

ఇప్పుడు తూర్పారబట్టు గడియ వచ్చినది. ఇక్కడ నిర్దయగా నుండవలెను. ఈ ప్రశ్నకు జవాబును మనము స్వయముగా కని, విని, కొలిచి తెలిసికొనగలమా? మనకున్న మూడు వారములలో అది ముగియునా? జవాబు దొరికినచో ఎవరికైన పనికివచ్చునా? ఈ మూడింటికి నిలిచినదే నిలుచును. చెరువును త్రవ్వించినది ఎవరను ప్రశ్న మంచిదే. కాని ఆ ఊరిలో శాసనము లేదు. కొంగల లెక్క మేలైన పనియే. కాని కొంగలు వచ్చు ఋతువు దాటినది. 'చెరువు నిండిన యేటను కాలువ చివరి పొలమునకు నీరు ఎందుకు అందుట లేదు?' అను ప్రశ్న మిగిలినది. 'మన ఊరి చెరువు' అను విషయమునకును ఈ ప్రశ్నకును గల భేదమును గమనింపుడు. మొదటిదానిపై ఎంత వ్రాసినను ముగియదు. రెండవదానికి ఎక్కడికి పోవలెనో, ఎవరిని అడుగవలెనో, ఏమి కొలువవలెనో వెంటనే తెలియును.

చెరువు పనికి ముందు ఇట్లు జాబితా వేసి ఆలోచించుట మనవారికి క్రొత్తగాదు. కడప ప్రాంతమున పోరుమామిళ్ళయందు ఒక పెద్ద చెరువు కలదు. విజయనగరరాజైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు దానిని కట్టించెను. 1369 నాటి సంస్కృత శాసనము ఆ వృత్తాంతమును తెలుపుచున్నది. దినమునకు వేయిమంది కూలీలు, రాళ్ళు తోలుటకు నూరు బండ్లు, రెండేండ్ల కాలము ఆ పనికి పట్టినవట. అంతకంటె విశేష మేమనగా, మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, కలుగరాని ఆరు దోషములను ఆ శాసనము వరుసగా పేర్కొనినది. జలశాస్త్రము తెలిసినవాడు, గట్టి బంకనేల, దూరమునుండి వచ్చు తీయని నీటి యేరు, పొడవైన రాళ్ళు దొరకు గని, పనితెలిసిన కూలివారు మొదలగునవి అంగములు. గట్టునుండి నీరు కారుట, చవిటినేల, రెండు రాజ్యముల ఎల్లలో నుండుట, చెరువు నడుమ తాబేటి వీపువలె మిట్ట యుండుట, నీరు కొంచెమై పారవలసిన నేల ఎక్కువగుట, నీరు ఎక్కువై నేల కొంచెమగుట అనునవి దోషములు.

ఈ ఆరు దోషములను ఉపాధ్యాయుడు చదివి వినిపింపగా, జట్టులోని విద్యార్థులు తమ పటమును మరల చూచిరి. అయిదవ దోషము తమ పటములో లేదు. ఆయకట్టు పూర్వమెంత, ఇప్పుడెంత అని వారెవరును అడుగలేదు. నీటి కొమ్మకును పంట కొమ్మకును నడుమ 'ఆయకట్టు' అను క్రొత్త మాట చేరినది. మరియొక బాలుడు శాసనములోని ఆరు దోషములలో కాలువ మాటయే లేదని, తమ పటములో అది యున్నదని చూపి సంతోషించెను. ఆ సంతోషము తగినదే.

పటము ఎంత చక్కగా నున్నను, ఏ దినమున ఎవరేమి చేయవలెనో అది చెప్పదు. దానికి వేరుగా ఒక పట్టిక కావలెను. ముగ్గురు గ్రామ కార్యాలయమునకు పోయి ఆయకట్టు లెక్క అడుగవలెను. ముగ్గురు వృద్ధులను, నీరుగంటిని కలిసికొనవలెను. ఇద్దరు కాలువవెంట నడచి, పగుళ్ళను, తుమ్మమొక్కలను, మళ్ళకు నీరు మళ్ళించు గండ్లను లెక్కించి పటము గీయవలెను. మిగిలిన నలుగురు నీటిని కొలువవలెను. తూముదగ్గరకు పెద్దవారు తోడులేక పోరాదు, చెరువులో దిగరాదు.

నీటిని కొలుచుట అనగానే వారు భయపడిరి. కాని దానికి టేపు, గడియారము, ఒక తేలిక కట్టెముక్క చాలును. కాలువ నిటారుగా నున్నచోట పది మీటర్ల దూరమును గుర్తుపెట్టి, కట్టెముక్కను నీటిలో విడిచి, అది ఆ దూరము పోవుటకు ఎన్ని సెకన్లు పట్టునో చూడవలెను. 25 సెకన్లు పట్టినచో పైనీటి వేగము సెకనుకు 0.4 మీటరు. పైనీటికంటె అడుగునీరు మెల్లగా పారును గనుక 0.85తో హెచ్చింపగా 0.34 వచ్చును. కాలువ వెడల్పు ఒక మీటరు, నీటి లోతు 0.3 మీటరు అయినచో, 0.3ను 0.34తో హెచ్చింపగా సెకనుకు 0.102 ఘనపు మీటరు, అనగా రమారమి 102 లీటర్లు. ఇట్లే కాలువ చివర కొలిచినపుడు వెడల్పు 0.6 మీటరు, లోతు 0.1 మీటరు, కట్టెముక్కకు 50 సెకన్లు అనుకొందము. లెక్క వేసినచో సుమారు 10 లీటర్లే వచ్చును. నడుమ 92 లీటర్లు ఏమైనవి? అంతయు వృథాయని తొందరపడి చెప్పరాదు. దారిలోని మళ్ళు తమ పాలు తాము తీసికొనినవి. అందుచేతనే గండ్లను లెక్కించు ఇద్దరి పనియు, నీటిని కొలుచు నలుగురి పనియు ఒక్కటిగా చేర్చి చూడవలెను. పటముపై ఆ రెండు రెమ్మలను కలుపు గీత ముందే యున్నది.

మొదటి ఆదివారమున వారు కాలువ వెంట నడచిరి. తిరిగి వచ్చునపుడు, వృద్ధుడైన నీరుగంటి వేపచెట్టు క్రింద కూర్చుండి యుండగా కలిసికొని, చివరి పొలమునకు నీరు ఎందుకు అందుట లేదని అడిగిరి. పూడిక మాటను, తూము మాటను ఆయన ఎత్తలేదు. "మా నాయన కాలమున చివరి పొలమునకే మొదటి వంతు. అక్కడ తడిసిన తరువాతనే పైకి వచ్చెడివారము. ఆ కట్టుబాటు ఎప్పుడు తప్పినదో అడుగుడు" అనెను.

మరునాడు పటమును మరల గోడపై పరచిరి. ఈ మాటకు ఏ కొమ్మపైనను చోటు కనబడలేదు. చివరి పొలపు బాలిక మరియొక కాగితమును తెచ్చి, పటము అంచునకు జిగురుతో అంటించి, దానిపై 'వంతు' అని వ్రాసి, అక్కడనుండి తన రెమ్మవరకు ఎఱ్ఱగీత గీసెను. ముందువరుసలోని బాలుడు, పూర్వపు వంతుల సంగతి ఎరిగిన ముసలివారు ఊరిలో ఇంకను ఎవరెవరున్నారో పేర్లు వ్రాయసాగెను.